కత్తి కంటే ముందు... కణాన్ని అడుగుదాం!

నెల్లూరు తీరంలో రొయ్యలు సాగుచేసే ఏ రైతునైనా అడిగి చూడండి... హేచరీ నుంచి తెచ్చిన సీడును గుంటలో వదిలేముందు ఏం చేస్తారని. ‘పీసీఆర్ చేయిస్తాం’ అంటారు తడుముకోకుండా. 1990ల మధ్యలో తెల్లమచ్చల వైరస్ వచ్చి గుంటలకు గుంటలనే తుడిచిపెట్టాక ఆ మాట మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా గట్టుగట్టునా స్థిరపడిపోయింది. పిల్ల కంటికి నిక్షేపంలా కనిపించొచ్చు. లోపల వైరస్ దాక్కుందో లేదో చెప్పాల్సింది మాత్రం దాని తాలూకు జన్యుపదార్థమే.

రొయ్యపిల్ల విషయంలో ఇంత జాగ్రత్తపడే మనం ఇంట్లో మనిషికి గొంతు కింద గడ్డ కనిపిస్తే ఏం చేస్తున్నాం? ‘నొప్పి లేదుగా’ అని ఏళ్ల తరబడి వదిలేస్తాం. లేదంటే హడలిపోయి ‘వెంటనే కోసి తీసేయండి సార్’ అంటాం. ఈ రెంటికీ మధ్య ఇంకో దారి ఉంది. గడ్డలోని కణాల జన్యువుల్ని ముందే పరిశీలించి, ఆపరేషన్ అవసరమో కాదో అంచనా వేసే దారి. ఆ జన్యువుల్లో కనిపించే ఆనవాళ్లనే మాలిక్యులర్ మార్కర్లంటారు. ఈ వారం వాటి కబుర్లే.

గడ్డలన్నీ క్యాన్సర్లు కావు

థైరాయిడ్ గ్రంథి మెడ ముందుభాగంలో, గాలిగొట్టాన్ని హత్తుకుని, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉంటుంది. అందులో గడ్డలు రావడం చాలా మామూలు సంగతి. అయోడిన్ లోపం లేని ప్రాంతాల్లో కూడా వందమంది ఆడవాళ్లలో అయిదుగురికి, వందమంది మగవాళ్లలో ఒకరికి చేతికి తగిలేంత గడ్డ ఉంటుందని అంచనా. స్కానింగ్ చేస్తే ఇంకెంతోమందిలో బయటపడతాయి. అలా కనిపించిన గడ్డల్లో క్యాన్సర్‌గా తేలేవి నూటికి 7 నుంచి 15 మాత్రమే.

‘రోజూ సముద్రపు చేపలు తినేవాళ్లం, మాకు థైరాయిడ్ జబ్బేంటి?’ అనుకునేవాళ్లూ ఉంటారు. చేపల్లో అయోడిన్ ఉన్నమాట నిజమే. అయోడిన్ తక్కువై వచ్చే గొంతువాపు నుంచి అది కాపాడుతుంది. కానీ గడ్డలకు అదొక్కటే కారణం కాదు కదా! అన్నట్టు, ఇస్కపల్లి ఉప్పు మడుల్లో తేలేది సముద్రపు ఉప్పే అయినా అందులో సహజంగా ఉండే అయోడిన్ అతి స్వల్పం. దాన్ని విడిగా కలపాల్సిందే.

రక్తపరీక్ష మీద కూడా ఓ అపోహ ఉంది. టీఎస్‌హెచ్ నార్మల్ అని రాగానే ‘హమ్మయ్య’ అనుకుంటారు చాలామంది. గ్రంథి ఎలా పనిచేస్తోందో చెప్పే పరీక్ష అది. అందులో ఉన్న గడ్డ ఎలాంటిదో చెప్పదు. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లలో చాలామందికి టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది.

సూది చెప్పలేని సంగతి

గడ్డను ముందు అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. అంచులు సరిగ్గా ఉన్నాయా, లోపల సున్నపు చుక్కల్లాంటివి ఉన్నాయా, నిలువుగా పెరుగుతోందా అని గమనిస్తారు. అనుమానం వస్తే సన్నటి సూది గుచ్చి కాసిని కణాలు లాగుతారు. అదే ఎఫ్ఎన్ఏసీ. మత్తుమందుతో నిద్రపుచ్చే పని లేదు, ఆసుపత్రిలో పడుకోనక్కర్లేదు, ఖర్చూ తక్కువే.

ఈ సూది పరీక్ష చేసిన మేలు ఇంతా అంతా కాదు. అది వాడుకలోకి రాకముందు ఆపరేషన్ చేసి తీసిన ప్రతి వంద గడ్డల్లో క్యాన్సర్లు 14 మాత్రమే. మిగతా 86 మందికీ ఆ అనుమానంతో కోత పడినట్టే. సూది వచ్చాక, తీసినవాటిలో సగానికి పైగా నిజంగానే క్యాన్సర్లని తేలింది. అనవసరపు కోతలు అంతగా తగ్గాయన్నమాట.

సూది ఫలితాన్ని ఏ ఊళ్లోనైనా ఒకే భాషలో చెప్పుకోవడానికి 2007లో అమెరికాలోని బెథెస్డాలో నిపుణులంతా సమావేశమయ్యారు. అక్కడ రూపుదిద్దుకున్నవే ఆరు మెట్లు. మీ రిపోర్టులో ‘బెథెస్డా’ అని కనిపించేది అదే. 2023లో వచ్చిన మూడో కూర్పు ప్రకారం చూస్తే, మొదటి మెట్టంటే కణాలు సరిపడా రాలేదని, మళ్లీ సూది వేయాలని. రెండో మెట్టు హానిలేని గడ్డ. అందులో క్యాన్సర్ ఉండే ప్రమాదం నూటికి 4. అయిదో మెట్టు గట్టి అనుమానం, నూటికి 74. ఆరోది నూటికి 97, అంటే దాదాపు ఖాయమే.

చిక్కంతా మధ్యలోని మూడూ నాలుగూ మెట్లతోనే. మూడోదానిలో ప్రమాదం నూటికి 22, నాలుగోదానిలో 30. క్యాన్సర్ అని చెప్పలేరు, కాదనీ చెప్పలేరు. సూది వేయించుకున్న వందమందిలో 20 నుంచి 30 మందికి ఇలాంటి తేలని రిపోర్టే చేతికొస్తుంది.

ఎందుకు తేలదు? మన గుంటల భాషలోనే చెప్పుకుందాం. గుంటలోంచి గ్లాసుడు నీళ్లు ముంచి చూస్తే నీళ్ల సంగతి తెలుస్తుంది. గట్టుకి గండిపడిందో లేదో తెలుస్తుందా? గట్టంతా తిరిగి చూడాల్సిందే. ఫాలిక్యులర్ రకం గడ్డలు అచ్చం అలాంటివే. మంచి గడ్డలోని కణాలూ చెడ్డ గడ్డలోని కణాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. గడ్డ చుట్టూ ఉన్న పొరను చీల్చుకుని బయటికొస్తేనో, రక్తనాళాల్లోకి చొరబడితేనో అది క్యాన్సర్ కింద లెక్క. ఆ సంగతి తెలియాలంటే గడ్డ మొత్తం బయటికి తీసి, పొరను ముక్కలు ముక్కలుగా మైక్రోస్కోపు కింద పెట్టాలి. పాథాలజిస్టుకి ఎంత అనుభవమున్నా సూదికి అందేది గ్లాసుడు నీళ్లే!

గొంతే పెట్టుబడి

అందుకే చాలాకాలం పాటు, రిపోర్టు తేలకపోతే సగం గ్రంథి తీసేసి చూడటమే పద్ధతిగా ఉండేది. మన దగ్గర ఇప్పటికీ చాలాచోట్ల అంతే. వైద్యం కోసం కాకుండా పరీక్ష కోసం ఆపరేషన్! తీరా చూస్తే వాటిలో ఎక్కువ భాగం మామూలు గడ్డలే.

‘చిన్న కోతే కదా’ అనుకోవడానికి లేదు. సగం గ్రంథి తీసినవాళ్లలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి హార్మోన్ తగ్గుతుంది. గ్రంథి మొత్తం తీసేస్తే బతికినంతకాలం రోజూ పొద్దున్నే మాత్ర వేసుకోవాల్సిందే. థైరాయిడ్‌కి ఆనుకునే స్వరతంతువుల్ని ఆడించే నరాలుంటాయి. ఒంట్లో కాల్షియాన్ని అదుపుచేసే చిన్నచిన్న పారాథైరాయిడ్ గ్రంథులూ అక్కడే ఉంటాయి. చేయి తిరిగిన సర్జన్ దగ్గర వీటికి శాశ్వతంగా దెబ్బతగలడం అరుదు. అరుదే కానీ, తగిలినవాళ్లకి?

గంప నెత్తిన పెట్టుకుని ‘చేపలో...’ అంటూ వీధివీధీ కేకేసే అమ్మకి గొంతే పెట్టుబడి. కోడూరు ఒడ్డున వలలో పడ్డ సరుకుకి పాట పెంచాలన్నా గొంతే కావాలి. బళ్లో పాఠం చెప్పే టీచరమ్మకీ అంతే. ఆపైన పెద్దాసుపత్రి అంటే పినాకిని ఎక్కి చెన్నై పోవాలి, లేదంటే తిరుపతి స్విమ్స్‌కో వేలూరు సీఎంసీకో దారి పట్టాలి. తోడు ఒకరుండాలి. ఇద్దరి కూలీ పోతుంది.

అలాగని భయపడి ఇంట్లో కూర్చోవడానికీ వీల్లేదు. నాలుగో మెట్టు మీదున్న వందమందిలో 30 మందికి అది నిజంగానే క్యాన్సర్. ఆలస్యమైతే మెడలోని గ్రంథులకో ఊపిరితిత్తులకో ఎముకలకో పాకొచ్చు. కోస్తే డెబ్భై మందికి అనవసరం, కోయకపోతే ముప్ఫై మందికి ప్రమాదం. ఈ ముడి విప్పడానికి పుట్టినవే మాలిక్యులర్ పరీక్షలు.

కణంలో ఏం వెతుకుతారు?

క్యాన్సర్ అంటేనే కణంలోని జన్యువుల రాత తప్పడం. సూదితో లాగిన కణాల్లోనే ఆ తప్పుల కోసం వెతుకుతారు. 1983లో కారీ ముల్లిస్ కనిపెట్టిన పీసీఆర్, ఆ తర్వాత వచ్చిన జన్యువుల్ని చదివే యంత్రాలూ దీనికి ఆధారం. కొవిడ్ పుణ్యమా అని పీసీఆర్ ఇప్పుడు గుంటలు లేని ఊళ్లలో కూడా అందరికీ తెలిసిన మాటే.

థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ప్యాపిలరీ రకం. అందులో తరచూ దొరికే ఆనవాలు బీరాఫ్ అనే జన్యువులో వీ600ఈ మార్పు. 2003లో థైరాయిడ్‌లో దీని సంగతి బయటపడింది. కణానికి ‘పెరుగు’ అని చెప్పే స్విచ్చు వేసినప్పుడు వేసినట్టే ఇరుక్కుపోతే ఎలా ఉంటుంది? ఈ మార్పు చేసేది అదే. చాలా దేశాల్లో ప్యాపిలరీ క్యాన్సర్లలో సుమారు సగం మందిలో ఇది ఉంటుంది. కొరియాలో ఇంకా ఎక్కువ.

రాస్ అనే జన్యువుల కుటుంబం మరొకటి. వీటితోనే పేచీ. క్యాన్సర్ గడ్డల్లోనూ కనిపిస్తాయి, ఏ హానీలేని గడ్డల్లోనూ కనిపిస్తాయి. కాబట్టి ‘రాస్ పాజిటివ్’ అని రాగానే క్యాన్సర్ అని బెంబేలెత్తిపోకూడదు. టెర్ట్ అనే మరో మార్పు బీరాఫ్‌తో జతకట్టి కనిపిస్తే మాత్రం ఆ క్యాన్సర్ దూకుడుగా ఉండే అవకాశం ఎక్కువ. డాక్టర్లు అప్రమత్తమవుతారు.

రెట్ అనే జన్యువు సంగతి వేరు. మెడుల్లరీ అనే అరుదైన థైరాయిడ్ క్యాన్సర్‌లో దీనికి పెద్ద పాత్ర. ఈ రకం క్యాన్సర్ వచ్చినవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి అది వంశంలో వచ్చేదే. ఇంట్లో ఒకరికి అలా తేలితే పిల్లలకీ తోబుట్టువులకీ రక్తంలో రెట్ పరీక్ష చేయించాలి. జన్యుపరీక్ష ప్రాణం కాపాడుతుందనడానికి ఇంతకంటే తిరుగులేని సందర్భం లేదు.

‘ఉంది’ అనే పరీక్ష... ‘లేదు’ అనే పరీక్ష

మార్కర్ల పరీక్షలన్నీ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పవు. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

తెల్లమచ్చలకి నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఆ సీడులో ఈహెచ్‌పీ కూడా లేదని ఏ రైతూ ధీమాగా ఉండడు. వెతికినదాని గురించే కదా పరీక్ష చెప్పేది! బీరాఫ్ పరీక్షా అంతే. పాజిటివ్ వస్తే ప్యాపిలరీ క్యాన్సర్ దాదాపు ఖాయం. నెగెటివ్ వస్తే మాత్రం ‘క్యాన్సర్ లేదు’ అని కాదు. పైగా తేలని మెట్లమీద ఉండే ఫాలిక్యులర్ గడ్డల్లో ఈ మార్పు కనిపించేదే తక్కువ. ఇది ‘ఉంది’ అని చెప్పగల పరీక్షే, ‘లేదు’ అని హామీ ఇవ్వలేదు. మన దేశంలో కొన్ని ప్రైవేటు ల్యాబుల్లో ఈ ఒక్క జన్యువు పరీక్షా చేస్తున్నారు, కొన్ని జన్యువుల్ని కలిపీ చూస్తున్నారు. ఏది చేశారన్నది తెలుసుకోకుండా రిపోర్టు చూసి ఊపిరి పీల్చుకుంటే ప్రమాదమే.

‘లేదు’ అని చెప్పడానికే తయారైనవి అమెరికాలో పుట్టిన పెద్ద పరీక్షలు. అఫర్మా అనే పరీక్ష మీద 49 కేంద్రాల్లో జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. తేలని గడ్డలు 265 పరీక్షిస్తే, క్యాన్సర్లలో నూటికి 92ని అది పట్టుకుంది. హానిలేని గడ్డల్లో నూటికి 52ని ‘ఫర్వాలేదు’ అంది. 2018లో వచ్చిన కొత్త రూపం ఆ 52ని 68కి పెంచింది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన థైరోసెక్ 112 జన్యువుల్ని చూస్తుంది. 10 కేంద్రాల్లో 257 గడ్డల మీద చేసిన పరిశీలన 2019లో వచ్చింది. మూడూ నాలుగూ మెట్లమీద ఉన్నవాళ్లలో నూటికి 61 మంది వరకూ పరీక్ష కోసం చేసే ఆపరేషన్‌ను తప్పించుకోవచ్చని అందులో తేల్చారు.

వింటే వెంటనే చేయించాలనిపిస్తుంది. అయితే ధర? అమెరికాలో వయసు మళ్లినవాళ్లకుండే ప్రభుత్వ బీమా ఒక్కో పరీక్షకీ చెల్లించేది సుమారు 3,600 డాలర్లు. మన లెక్కలో మూడు లక్షల రూపాయల పైమాటే.

లెక్క ఆసుపత్రిని బట్టి మారుతుంది

ధరతో పాటు ఆలోచించాల్సిన లెక్క ఇంకోటుంది. కాస్త ఓపిగ్గా చూడండి. 2012 నాటి పరీక్షనే తీసుకుందాం.

ఒకచోట తేలని గడ్డలున్న వందమందిలో 24 మందికి క్యాన్సర్ ఉందనుకోండి. పరీక్ష వాళ్లలో 22 మందిని పట్టుకుంటుంది, ఇద్దరిని వదిలేస్తుంది. మిగతా 76 మందిలో సుమారు 40 మందికి ‘ఫర్వాలేదు’ అంటుంది. అంటే ‘ఫర్వాలేదు’ అనిపించుకున్న 42 మందిలో ఇద్దరికే క్యాన్సర్. ఆ మాటను నమ్మొచ్చు.

మరోచోట, ముదిరిన కేసులు ఎక్కువగా వచ్చే పెద్దాసుపత్రిలో అదే వందమందిలో 50 మందికి క్యాన్సర్ ఉందనుకోండి. పరీక్ష నలుగురిని వదిలేస్తుంది. హానిలేని 50 మందిలో 26 మందికి ‘ఫర్వాలేదు’ అంటుంది. ఈసారి ఆ 30 మందిలో నలుగురికి క్యాన్సర్! పరీక్ష అదే, ల్యాబు అదే. మారింది పరీక్ష చేయించుకున్న మనుషులు. అందుకే బోస్టన్‌లో రాసిన హామీపత్రాన్ని నెల్లూరులో యథాతథంగా చదువుకోలేం. మన ఆసుపత్రుల్లో, మన మనుషుల మీద లెక్కలు తీయడం అందుకే అవసరం.

వెతికేకొద్దీ దొరుకుతాయి

మరీ అతిజాగ్రత్తకు పోతే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపించింది. 1999లో అక్కడి ప్రభుత్వం క్యాన్సర్ పరీక్షల కార్యక్రమం మొదలుపెట్టింది. పనిలో పనిగా కాస్త డబ్బు చెల్లించి మెడకీ స్కానింగ్ చేయించుకోవడం జనానికి అలవాటైంది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్లు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. ఆపరేషన్లూ ఆ లెక్కనే జరిగాయి. చనిపోయేవారి సంఖ్య మాత్రం పెరగలేదు, తగ్గనూ లేదు. బయటపడ్డవన్నీ ఎవరినీ చంపని చిన్నచిన్న క్యాన్సర్లే మరి! 2014లో అక్కడి డాక్టర్లే గొంతెత్తాక ఆపరేషన్లు ఒక్క ఏడాదిలో మూడో వంతుకు పైగా తగ్గాయి.

జపాన్‌లో కోబెలోని కుమా ఆసుపత్రి 1993 నుంచే చిన్న ప్యాపిలరీ క్యాన్సర్లను కోయకుండా క్రమం తప్పక గమనిస్తూ వస్తోంది. అలా గమనించిన 1,235 మంది వివరాలు 2014లో ప్రచురించారు. ఆ క్యాన్సర్ వల్ల ఒక్కరూ చనిపోలేదు. 2016లో ఇంకో వింత జరిగింది. పొర దాటని ఒక రకం గడ్డకు నిపుణులంతా కలిసి ‘క్యాన్సర్’ అన్న పేరే తీసేశారు. అలాంటి గడ్డలున్న 109 మందిని పదేళ్లకు పైగా గమనిస్తే ఒక్కరికీ జబ్బు తిరగబెట్టకపోవడమే కారణం.

డాక్టరుగారిని ఏం అడగాలి?

గడ్డ ఉందని తెలిస్తే ఈ ప్రశ్నలు చీటీ మీద రాసుకెళ్లండి.

నా సూది రిపోర్టు ఎన్నో మెట్టు? రెండో ఆరో అయితే సాధారణంగా మార్కర్ల అవసరమే రాదు.

మార్కర్ పరీక్ష ఫలితం ఎలా వచ్చినా మీరు చేయబోయేది ఒకటేనా? గడ్డ పెద్దదై గాలిగొట్టాన్ని నొక్కుతుంటే, మింగడం కష్టంగా ఉంటే ఎలాగూ తీయాల్సిందే. అప్పుడు ఆ పరీక్ష దండగ. నిర్ణయాన్ని మార్చగల పరీక్షకే డబ్బు పెట్టాలి.

ఈ పరీక్ష ‘ఉంది’ అని చెప్పేదా, ‘లేదు’ అని చెప్పేదా? ఎన్ని జన్యువులు చూస్తారు?

మా ఇంట్లో ఇంకెవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది, చిన్నప్పుడు మెడకి రేడియేషన్ ఇచ్చారు లాంటి సంగతులుంటే అడగకుండానే చెప్పండి. గడ్డ గబగబా పెరుగుతున్నా, గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా, మెడ పక్కన బిళ్లలు తగిలినా మార్కర్ల గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే వెళ్లాలి.

లక్షలు పెట్టలేనివాళ్లు నిరాశపడక్కర్లేదు. మూడో మెట్టు రిపోర్టు వస్తే చాలాసార్లు డాక్టర్లు కొంత వ్యవధి ఇచ్చి సూది పరీక్ష మళ్లీ చేస్తారు. రెండోసారి ఎక్కువమందిలో సంగతి తేలిపోతుంది. అనుభవమున్న మరో పాథాలజిస్టు అవే స్లైడ్లను చూసి స్పష్టంగా చెప్పగలిగిన సందర్భాలూ ఉంటాయి. కాబట్టి ఊరు మారినా ఆసుపత్రి మారినా రిపోర్టు కాగితంతో పాటు ఆ గాజు స్లైడ్లను కూడా అడిగి తీసుకెళ్లండి. గుడ్డలో చుట్టి, పగలకుండా!